బొగ్గుల బస్తాలో జీళ్లు

నేను తాగుడు మానేసిన రోజున మా ఇంట్లో రెండు పనులు జరిగాయి. నేను మిగిలిన అరసీసా సారా పట్టుకెళ్లి ఏలూరు కాలవలో పోసి వచ్చాను. నేను వచ్చేలోపు మా ఆవిడ తన ట్రంకుపెట్టె సర్దేసింది.

నాకు వరస తిరగబడినట్టు తోచింది. తాగే రోజుల్లో సర్దుకోవలసిన పెట్టె మానేసిన రోజున సర్దుకోవడమేమిటి? అదే అడిగాను.

"తాగినన్నాళ్లూ మీరెక్కడుంటారో నాకు తెలుసండీ," అంది. "కొట్లో ఉంటారు. లేదంటే కొట్టుకీ ఇంటికీ మధ్యన ఉంటారు. ఇక మీదట ఎక్కడుంటారో తెలీదుగా. అందుకని సర్దుకున్నా."

తర్వాత షరతు చెప్పింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. చేటలో బియ్యం ఏరుతూ, రాళ్ల గురించి చెబుతున్నట్టే చెప్పింది.

"మళ్లీ తాగితే తాగానని చెప్పండి. ఏడుస్తాను, తిడతాను, అన్నం పెడతాను. దాచారని తెలిసిందో, ఆ పూటే పామర్రు బస్సెక్కుతా. తాగినందుక్కాదు, దాచినందుకు."

పెట్టెను మంచం కిందికి తోసింది. తాళం వెయ్యలేదు. వేసి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

ఇది డెబ్బైలలో మాట. మద్యనిషేధం ఎత్తేసి కొన్నేళ్లయింది. బెజవాడలో మేం అద్దెకుండే సందు చివరే సారాకొట్టు ఉండేది. నేనొక ప్రైవేటు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. మా తాత పరాయి పొలంలో పాలేరు, నాన్న మిషను బళ్లో మేష్టరు, నేను లెక్చరర్ని. తరానికో మెట్టు చొప్పున పైకొచ్చిన క్రైస్తవ కుటుంబం. అందులో సారా ముట్టిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఆ దారిలో కూడా ముందడుగు నాదేనని చెప్పుకోవాలి. మా ఆవిడది పామర్రు పక్క పల్లె. అక్కడ వాళ్లమ్మ, తమ్ముడు ఉండేవాళ్లు. మాకింకా పిల్లలు లేరు. పెట్టె ఒక్కటే సరిపోయింది.

మొదటి మూడు రోజులు చేతులు వణికాయి. ప్రయోగశాలలో బ్యూరెట్టు కుళాయి తిప్పితే చుక్కకీ చుక్కకీ మధ్య ఉండవలసిన ఎడం లేకుండా పోయింది. అది కొత్త పద్ధతి కాబోలనుకుని విద్యార్థులు రాసుకున్నారు. నాలుగో రోజు సాయంత్రం ఆరింటికి, మామూలుగా దాహం వేసే వేళకి, ఆకలేసింది.

అన్నం ఆకలి కాదు, తీపి ఆకలి. ఎన్నేళ్లుగానో మా ఇంటికొచ్చే మనిషే పేరు మార్చుకుని వచ్చినట్టుంది. అదే వేళ, అదే సందు, గుమ్మంలో అవే చెప్పుల చప్పుడు. వచ్చి కూర్చోవడం కూడా ఆ పాత కుర్చీలోనే.

ఆ సాయంత్రం చెంచాతో పంచదార తిన్నాను. మర్నాడు చెంచా వదిలేశాను. మా ఆవిడ సంతోషించింది. "తినండి, తినండి. తిండే కదా," అంటూ ఉయ్యూరు నుంచి బెల్లం అచ్చులు తెప్పించింది. అటుకుల్లో బెల్లం, పెరుగులో బెల్లం, ఉత్తినే బెల్లం. పంచదార పులిస్తే ఆల్కహాలు అవుతుందని ఏటా జూలైలో నల్లబల్ల మీద సమీకరణం రాసేది నేనే. బాణం గుర్తుకి కుడివైపున ఉండేవాణ్ణి కాస్తా ఎడమవైపుకొచ్చానని మాత్రం సరిపెట్టుకున్నాను. బాణం ఎటు చూస్తుంటుందో కూడా నేనే చెప్పేవాణ్ణి గానీ, ఆ సంగతి పాఠానికే ఉంచాను.

ఇంతవరకూ దాపరికం లేదు. అది ఎలా మొదలైందో నాకిప్పటికీ వింతే. క్రిస్మస్‌కి అరిసెల కోసమని మా ఆవిడ ఒక పెద్ద అచ్చు విడిగా ఎత్తిపెట్టింది. ఒక సాయంత్రం ఆవిడ చుట్టుపక్కల లేనప్పుడు దాన్ని పూర్తిచేశాను. వచ్చి అడిగింది. తిన్నానంటే నవ్వి ఊరుకునేది, నాకు తెలుసు. అయినా నా నోరు దానంతటదే అంది: "చీమలు పట్టాయి. పారేశాను."

"అయ్యో," అంది ఆవిడ. నమ్మింది.

ఆ నమ్మడం చూసేసరికి నా వెన్నులో ఏదో సన్నగా పాకింది. భయమే అయ్యుండాలి. తియ్యగా మాత్రం ఉంది. ఆ తీపి బెల్లంలో లేదు, పంచదారలో లేదు. నాలుగేళ్ల సారాలో ఉండేది.

ఆ వారంలోనే బస్టాండులో ఒక ముసలాయన దగ్గర జీళ్లు కొన్నాను. బెల్లం పాకాన్ని తాళ్లలా లాగి, ముక్కలు కోసి, నువ్వులద్ది అమ్ముతారు. నోట్లో వేసుకుంటే పళ్లకి అంటుకుంటుంది, ఓ పట్టాన కరగదు. కాగితం పొట్లం తెచ్చి ఎక్కడ పెట్టాలా అని ఆలోచించలేదు. కాళ్లకే తెలుసు. పెరటి వసారాలో కుంపటి బొగ్గుల బస్తా ఉండేది. నా సీసాలన్నీ పెరిగింది అందులోనే. చెయ్యి మోచేతి దాకా దూర్చి అడుగున పొట్లం పెట్టాను. చేతులు కడుక్కుని లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాను. మడమకి ట్రంకుపెట్టె తగిలింది.

అప్పుడే అలవాటైంది అది. జీడి తిన్నప్పుడల్లా వచ్చి బొటనవేలితో పెట్టెని ఒకసారి నెట్టి చూసేవాణ్ణి. ఉందా లేదా అని. మొదట్లో బొటనవేలికే జరిగేది. కొన్నాళ్లకి పాదం మొత్తం ఆనించాల్సొచ్చింది. సంక్రాంతి దాటేసరికి మడమతో తన్నితే గానీ కదల్లేదు. నా ఒళ్లు పెరగడంలో వింత లేదు. పెట్టె ఏం తిని ఒళ్లు చేస్తోందో అర్థం కాలేదు. మూత ఎత్తి చూడొచ్చు, తాళం లేదు. చూడలేదు.

నా బరువు సంగతి చెప్పడానికి బెజవాడ స్టేషన్లో రంగురంగుల బల్బుల తూకం మిషను ఉండేది. ఎక్కి నిలబడి నాణెం వేస్తే అట్టముక్క వచ్చేది. దానికి ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. మానేసిన నెల యాభై నాలుగు కిలోలు. ఎనిమిది నెలలకి డెబ్బై తొమ్మిది. ఆ డెబ్బై తొమ్మిది అట్ట వెనక, అందరి నమ్మకాన్నీ పొందే మనిషివని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ఆ అట్టను కూడా బొగ్గుల్లోనే పెట్టాను.

చొక్కా గుండీలు కాజాలకి దూరపు చుట్టాలయ్యాయి. దర్జీ రెండు పంట్లాములు విప్పి కుట్టి, మూడోదానికి చేతులెత్తేశాడు. ఊళ్లో మాత్రం నన్ను చూసినవాళ్లంతా సంతోషించారు. ఆ రోజుల్లో ఒళ్లు చెయ్యడమంటే బాగుపడటమే, వేరే అర్థం లేదు. అందరికంటే సంతోషించింది మా సంఘం అయ్యగారు. సంఘకాపరిని మేం అలాగే పిలుస్తాం. ఆయన చాలా సన్నటి మనిషి. ఒక ఆదివారం ఆరాధనయ్యాక నా రెండు భుజాలూ పట్టుకుని నన్నొక పనసపండులా తిప్పి చూశారు.

"మాష్టారూ, మీరు సాక్ష్యం చెప్పాలండీ. గంటన్నర నేను చెప్పినా నమ్మనివాళ్లు మిమ్మల్ని చూస్తే నమ్ముతారు. మీ ఒళ్లే ప్రసంగం."

సాక్ష్యమంటే, దేవుడు తనకి చేసిన మేలుని కూటంలో నిలబడి నలుగురికీ చెప్పడం. మిగతావాళ్లు ఏడుస్తూ చెబుతారు. నాకు ఏడవడం రాక నవ్వించాను. సందు దాటి ఇంటికి వెళ్లడానికి నాకు గంట పట్టేదనీ, ఆ గంటలో ముప్పావుగంట నిలబడ్డ చోటే నడిచేవాణ్ణనీ చెప్పాను. జనం విరగబడి నవ్వారు, ఆ మీదట స్తోత్రం చెప్పారు. ఆ తర్వాత ప్రేమవిందులో నాకు అందరికంటే ముందు వడ్డించారు. సేమ్యా పాయసం రెండుసార్లు. సాక్షి చిక్కిపోతే సాక్ష్యం చిక్కిపోతుంది కదా.

అలా ఉయ్యూరు పిలిచారు, హనుమాన్ జంక్షన్ పిలిచారు. ప్రతిచోటా మొదట అయ్యగారు నా పాత కాలేజీ గ్రూపు ఫోటో తిప్పేవారు. అందులో వెనక వరసలో చొక్కా తగిలించిన హ్యాంగరు లాంటి మనిషి నేనే. తర్వాత నేను లేచేవాణ్ణి. జనంలోంచి ఒక శబ్దం వచ్చేది, లారీ వస్తే పక్కకి తప్పుకునేవాళ్లు చేసే శబ్దం. ప్రతిచోటా చివర్న ఒకటే మాట చెప్పేవాణ్ణి: "ఈ రోజున నా ఇంట్లో దాచుకున్నదంటూ ఏమీ లేదండీ." ఆ మాటకి ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవాళ్లు. మా ఆవిడ అద్దుకునేది కాదు. ఆడవాళ్ల చాపల మీద కూర్చుని నన్నే చూస్తుండేది. ఆ చూపులో కోపం లేదు. తలుపు తట్టి, తీస్తారేమోనని నిలబడినవాళ్లు చూసే చూపు అది. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

వేసవి ముందు పామర్రు పక్కన మా అత్తగారి పల్లె నుంచే పిలుపొచ్చింది. బయల్దేరేరోజు పొద్దున మా ఆవిడ మంచం కిందనుంచి ట్రంకుపెట్టె బయటికి లాగింది.

"ఇదెందుకు?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను.

"పాతచీరలున్నాయి. అమ్మకిద్దామని." తర్వాత నా చేతిసంచి వైపు చూసింది. "మీ సంచేంటండీ అంత ఉబ్బింది?"

"పాటల పుస్తకాలు."

"ఎన్ని?"

"రెండు."

తలూపింది. నిజానికి పుస్తకం ఒకటే. దాని కింద తువ్వాలు, తువ్వాలు మడతలో పొట్లం. పెట్టె నేనే మోశాను. ఇన్ని నెలలూ కాలితో తూచినదాన్ని మొదటిసారి చేత్తో ఎత్తాను. బస్టాండు దాకా రెండుసార్లు దించాను. పాతచీరలు అంత బరువుంటాయా అని నేనడగలేదు. పాటల పుస్తకాలు అంత ఉబ్బుతాయా అని ఆవిడా మళ్లీ అడగలేదు. బస్సు కాలవగట్టు వెంట పోతోంది. మాసూళ్లయిన చేలు రెండువైపులా బోసిగా ఉన్నాయి. పైన టాపు మీద పెట్టె కదిలినప్పుడల్లా నా నెత్తిమీదే కదిలినట్టుంది.

పామర్రులో మా బావమరిది సైకిలేసుకుని వచ్చాడు. నన్ను చూసి బెల్లు కొట్టాడు.

"బావగారూ, మీరొక్కరేనా, వెనకాల ఇంకెవరన్నా ఉన్నారా? కనపడట్లేదు."

పెట్టెను క్యారియరు మీద కట్టుకుని వాళ్లింటికి పట్టుకుపోయాడు. మేం నేరుగా కూటానికి వెళ్లాం. తాటాకు పందిరి, మధ్యన దారి, ఒకపక్క మగవాళ్లు, ఒకపక్క ఆడవాళ్లు. నేను చివరి వరసలో కూర్చుని, ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఒక జీడి నోట్లో వేసుకున్నాను. ప్రార్థన పొడుగ్గా ఉంటుందని లెక్క. ఆ ఊరి అయ్యగారు దాన్ని రెండు మాటల్లో ముగించి, వెంటనే నన్ను పిలిచారు.

జీడితో దవడలు అతుక్కున్న మనిషి లేవడం తప్ప ఏమీ చెయ్యలేడు. సంచి చేత్తో పట్టుకునే లేచాను. అయ్యగారు నవ్వుతూ, "సంచెందుకండీ లెక్చరరు గారూ, ఎవరూ ఎత్తుకుపోరు. మా ఊరి అమ్మాయికివ్వండి. పాటెత్తుకోవాలిగా, పుస్తకం కావాలి తనకి," అన్నారు.

నా ముందు కూర్చున్న పెద్దాయన ఒకాయన నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు. ఆయన పక్కవాడికిచ్చాడు. నేను ఎదటికి నడుస్తుంటే సంచి నాతోపాటు పక్కవరసలో చేతులు మారుతూ వచ్చింది. దారి దాటింది. ఒక ముసలమ్మ అందుకుంది. ఇంకో ఆవిడ. తర్వాత మా ఆవిడ.

సంచి తెరిచింది. పుస్తకం తీసి పక్కన పెట్టింది. తువ్వాలు తీసి విప్పింది. పొట్లం వాసన చూసింది, ఒకప్పుడు నా నోటి వాసన చూసినట్టే. కాగితం మీద బొగ్గుమసి నా వేళ్ల ఆకారంలో ఉంది. అంత దూరం నుంచీ కనిపించింది నాకు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూసింది.

జీడి మింగాను. అంత పెద్దది ఎలా దిగిందో తెలీదు. పెట్టె అప్పటికే వాళ్లమ్మ ఇంట్లో ఉంది. నేను మామూలు సాక్ష్యం చెబితే ఈ సాయంత్రం బెజవాడ బస్సు నేనొక్కణ్ణే ఎక్కుతాను. అది మా ఆవిడ ముఖం మీద రాసి లేదు. ఎనిమిది నెలల క్రితమే చెప్పింది.

"నేను మారలేదండీ," అన్నాను.

నవ్వులు. నేను నవ్విస్తానని వాళ్లకి ముందే చెప్పి ఉంచారు.

"సీసాలు ఎక్కడ దాచేవాణ్ణో ఇప్పుడు జీళ్లు అక్కడే దాస్తున్నాను. బొగ్గుల బస్తాలో."

ఇంకా పెద్ద నవ్వు. "భలే చెబుతాడ్రా లెక్చరరు," అన్నాడు నా సంచి తీసుకున్న పెద్దాయన, పక్కవాడి తొడ మీద చరిచి.

"పొద్దున సంచిలో ఏముందని మా ఆవిడ అడిగితే పాటల పుస్తకాలని చెప్పాను. పుస్తకం ఒకటే. మిగిలింది జీళ్లు. ఇప్పుడు ప్రార్థనలో కూడా ఒకటి తిన్నాను. దాచుకున్నది ఏమీ లేదని ఉయ్యూరులో చెప్పింది అబద్ధం. జంక్షన్‌లో చెప్పిందీ అబద్ధమే."

పందిరి ఊగిపోయింది. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అయ్యగారు లేచి నిలబడి, "ఎంత దీనత్వమండీ! జీళ్లు దాచుకోవడమే పాపమైతే ఇక మన సంగతేంటి సహోదరులారా?" అన్నారు. హల్లెలూయ మోగింది. ఇన్నాళ్లూ అబద్ధం చెబితే కొంగులు తడుపుకున్నారు. నిజం చెబితే నవ్వారు. వాళ్లననడానికి లేదు. నా గొంతుకి ఆ పని నేర్పింది నేనే.

ఆ పందిరి కింద నవ్వనిది ఒక్క మనిషే. అయ్యగారు పాటెత్తుకోమన్నారు. పుస్తకం తెరవకుండానే ఎత్తుకుంది, పొట్లం ఒళ్లోనే ఉంచుకుని. గొంతు ఎక్కడా వణకలేదు. వణికి ఉంటే బాగుండుననుకున్నాను.

విందులో మా బావమరిది నా విస్తట్లో కోడికూర వేస్తూ, "తినండి బావగారూ. మీరు చిక్కితే దేవుడికి మాటొస్తుంది," అన్నాడు. నేను సగంలో లేచాను. ఎవరూ గమనించలేదు. పొట్ట చూసి చాలనుకుని ఉంటారు.

ఎండ తగ్గాక ఇద్దరం నడిచి బస్సు ఆగేచోటికి వచ్చాం. ఆవిడా వచ్చింది. సాగనంపడానికా, ఎక్కడానికా అన్నది అడగలేదు. రావిచెట్టు నీడలో నిలబడ్డాం. కాసేపటికి దూరంగా బావమరిది సైకిలు కనిపించింది. ముందు వాడి మొహం చూడాలి కదా మర్యాదకి. నేను క్యారియరు చూశాను. పెట్టె ఉంది.

"పొద్దున దింపమంటివి, ఇప్పుడెక్కించమంటివి," అని వాడు వాళ్లక్కని విసుక్కున్నాడు. "ఇందులో ఇనపముక్కలేసి తిప్పుతున్నావేంటే నన్ను?"

"ఎక్కించు," అంది.

వాడు పెట్టె దించి, బస్సు వస్తోందేమో చూడటానికి రోడ్డు మీదికి వెళ్లాక అడిగాను. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

నా వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. "మనింట్లో కుంపట్లోకి బొగ్గులు తీసేదెవరండీ?"

ఎమ్మెస్సీ చదివాను. ఈ ప్రశ్న నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు.

"సీసాలు కూడానా?"

"సీసాలు కూడా."

"మరి ఏనాడూ చెప్పలేదేం?"

"దాచింది మీరు. చెప్పాల్సింది కూడా మీరే." బస్సు వస్తుంటే కొంగు సర్దుకుంది. "నాకు పొట్లం దొరికినప్పుడల్లా ఒక సామాను పెట్టెలో పడేశాను. నిండాక పోదామనుకున్నా. మొన్న నిండింది."

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి పెట్టె మంచం మీద తెరిచి ఉంది. పాతచీరలు రెండే. మిగతావన్నీ ఇంట్లో సామాన్లు. ఇస్త్రీపెట్టె, ఇత్తడి చెంబులు, చిన్న రోలు, అట్లపెనం. అట్లు తిని నాలుగు నెలలైందని అప్పుడు గుర్తొచ్చింది. రోజంతా తిండి గురించే ఆలోచించే మనిషిని, పెనం పోయిన సంగతి గమనించలేదు. మా ఆవిడ ఆ అట్లపెనం ఒక్కటి తీసింది. మూతవేసి, పెట్టెను మళ్లీ మంచం కిందికి తోసింది.

"మిగతావి?" అన్నాను.

"మీరిప్పటికి ఒకసారి చెప్పారు. నేనొకటి తీశాను."

పెనం పట్టుకుని వసారాలోకి వెళ్లింది. ఆరు కావస్తోంది. సందులోంచి నాకు తెలిసిన చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి గుమ్మంలో ఆగినట్టయింది. నోట్లో నీరూరింది. ఎప్పుడూ అయితే లేచి పెరట్లోకి పోయేవాణ్ణి. ఆ రోజు పోవడానికి పెరట్లో ఆవిడే ఉంది.

"ఆకలేస్తోంది," అన్నాను పైకి.

"ఏ ఆకలి?"

"అదే."

"పీటేసుకుని ఇటొచ్చి కూర్చోండి," అంది. కుంపటి ముందుకి లాక్కుని, బొగ్గుల కోసం బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. నాలుగు బొగ్గులు తియ్యడానికి పట్టే సేపు కంటే చాలాసేపు వెతికింది.